గాలి సోకిందంటే నవ్వేవాళ్లకి

మా కొండల్లో ఉన్నట్టుండి ఎవరికైనా పక్క పట్టేసి ఊపిరాడకపోతే "గాలి సోకింది" అంటారు. ఆ మాట వినగానే మైదానం నుంచి వచ్చిన డాక్టర్లు, ఆఫీసర్లు నవ్వుతారు. ఒక్కోసారి చదువుకున్న మన పిల్లలే నవ్వుతారు. ఆ నవ్వు మీదే మాకు కోపం.

మేం చదువు చెప్పిన కుర్రాడొకడు, ఇంకా పాతికేళ్లు నిండలేదు. టీబీ మందులు మూడు నెలలు వాడి, దగ్గు తగ్గిందని మానేశాడు. ఒక సాయంత్రం దగ్గుతూ దగ్గుతూ, కుడి పక్క కత్తితో పొడిచినట్టయి కూలబడ్డాడు. ఆ రాత్రి ఇంట్లోవాళ్లు దిసారిని పిలిచారు. తెల్లారాక సంతలో సూదులు వేసే ఆయన గ్యాస్ అని చెప్పి మాత్రలిచ్చాడు. అక్కణ్ణుంచి డోలీలో రోడ్డు దాకా, జీపులో ఒక ఆస్పత్రికి. అక్కడ ఎక్స్‌రే లేదని ఇంకోదానికి. అక్కడ గొట్టం వేసే డాక్టర్ లేడని మూడోదానికి. ఆ మూడో చోట ఒక చిన్న డాక్టర్ "మీ మూఢనమ్మకాల వల్లే ఇంత ఆలస్యం" అన్నాడు. మేం లెక్క వేశాం. దిసారి దగ్గర పోయింది ఒక రాత్రి. దారుల్లో, ఆస్పత్రుల గుమ్మాల్లో పోయింది ఒక పగలూ ఒక రాత్రీ.

ఇంతకీ ఆ కుర్రాడికి సోకింది గాలే. దయ్యం గాలి కాదు, మనం పీల్చే గాలి. ఊపిరితిత్తి చుట్టూ రెండు పలచటి పొరలుంటాయి. వాటి మధ్య గాలి చేరకూడదు. టీబీ తిన్న చోట తిత్తికి చిల్లు పడినా, జీలుగు చెట్టు మీంచి పడి విరిగిన పక్కటెముక గుచ్చుకున్నా, ఆ సందులోకి గాలి చేరి తిత్తి ముడుచుకుపోతుంది. దీన్నే న్యూమోథొరాక్స్ అంటారు. పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాళ్లకి ఏ జబ్బూ లేకుండానే రావచ్చు. బీడీలు, సిగరెట్లు తాగితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

టీచర్లకి ఒక మాట. శ్వాసక్రియ పాఠానికి సీసాలో బెలూన్ పెట్టి, అడుగున రబ్బరు పొర కట్టి చూపిస్తాం కదా. ఈసారి కాల్చిన మేకుతో సీసా పక్కన చిల్లు పెట్టి పొర లాగండి, బెలూన్ ఉబ్బదు. చిల్లు వేలితో మూసి లాగండి, ఉబ్బుతుంది. మా కుర్రాడి జబ్బు అదే.

గాలి కొద్దిగా చేరితే ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉంటారు, ఒళ్లే దాన్ని పీల్చుకుంటుంది. ఎక్కువైతే సూదితో లాగుతారు. లేదా పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి, రెండో కొస సీసాలోని నీళ్లలో ముంచుతారు. గాలి బుడగలుగా బయటికి పోతుంది, నీళ్లు దాన్ని వెనక్కి రానివ్వవు. ఇది 19వ శతాబ్దపు వైద్యం. గొట్టం, సీసా, నీళ్లు. ఇందులో మా కొండ ఎక్కలేనిది ఏముంది?

ఒక్కోసారి లోపల గాలి బిగిసి గుండెని నొక్కేస్తుంది. పెదాలు నీలమవుతాయి, మెడ నరాలు ఉబ్బవచ్చు, రక్తపోటు పడిపోతుంది. అప్పుడు ఎక్స్‌రే కోసం ఆగకూడదు, వెంటనే డాక్టర్ లావు సూది గుచ్చి గాలి వదలాలి. స్టెతస్కోపు పెడితే ఆ పక్క ఊపిరి చప్పుడు తగ్గిపోయి ఉంటుంది, వేళ్లతో తడితే డప్పులా మోగుతుంది. అంటే మొదటి ఆస్పత్రిలోనే అనుమానించవచ్చు. "ఎక్స్‌రే లేదు" అని చీటీ రాసి పంపడం వైద్యం కాదు.

మన తప్పులూ ఉన్నాయి. పక్క నొప్పికి వాతలు పెడతాం. ఆరు నెలల టీబీ మందులు సగంలో వదిలేస్తాం. దిసారిని పిలవొద్దని మేం అనం. ఆయన వచ్చేలోపు డోలీ కట్టండి, అంతే.

రోగికి తోడుగా వెళ్లే కుర్రాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. మా కుర్రాడిని మంచం మార్చేటప్పుడు వాళ్ల మామ సీసాని ఎత్తి అతని పొట్ట మీద పెట్టాడు. నర్సు కేకలేసింది. అంతకుముందు ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా తెలుగులో కాదు, మా భాషలో చెప్పాల్సింది.

కుర్రాడు బతికాడు. టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టాడు. మేం అధికారులకి అర్జీ ఇచ్చాం: ఎక్స్‌రే మిషన్, అది తీసే మనిషి, గొట్టం వేయడం వచ్చిన డాక్టర్, నీళ్ల సీసాలు. జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి తనూ వస్తానన్నాడు, చొక్కా విప్పి ఆ మచ్చ చూపిస్తాడట.