సర్వేలో నిజం చెబితే ఉద్యోగం ఉంటుందా?

2024 డిసెంబర్‌లో ఒక ఈమెయిల్ స్క్రీన్‌షాట్ సోషల్ మీడియాను కుదిపేసింది. ఇళ్లకు వచ్చి బ్యూటీ సేవలు అందించే నోయిడా కంపెనీ 'యెస్ మేడమ్' హెచ్ఆర్ విభాగం పేరుతో ఉన్న మెయిల్ అది. పని ఒత్తిడిపై సర్వే చేశామని, తీవ్ర ఒత్తిడిలో ఉన్నామని చెప్పినవాళ్లను ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని దాని సారాంశం. దుమారం రేగాక కంపెనీ క్షమాపణ చెప్పింది. ఎవరినీ తీసేయలేదని, ఒత్తిడి మీద చర్చ కోసం కావాలనే అలా చేశామని వివరణ ఇచ్చింది.

ఆ ప్రచారం ఎంత చవకబారుదో అలా ఉంచుదాం. ఆ మెయిల్‌ను అంతమంది ఎందుకు నమ్మారు? సర్వేలో నోరు విప్పితే ఏదో ఒకరోజు అది మెడకు చుట్టుకుంటుందన్న అనుమానం ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉంది కాబట్టి.

కంపెనీలు ఇప్పుడు తరచుగా వాడే మాట 'ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్'. జీతం కోసం గంటలు గడపడం కాకుండా, ఉద్యోగి మనసు పెట్టి పనిచేస్తున్నాడా అన్నది దాని అర్థం. అమెరికా పరిశోధకుడు విలియం కాన్ 1990లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు పరిస్థితులు ఉండాలన్నారు. వాటిలో ఒకటి భద్రత, అంటే ఉన్నదున్నట్టు మాట్లాడినా తనకేమీ కాదన్న ధీమా. మన దగ్గర మొదట జారిపోయింది సరిగ్గా అదే.

అంకెలు చూస్తే భారత్ పరిస్థితి వింతగా ఉంటుంది. గ్యాలప్ సంస్థ పన్నెండు ప్రశ్నలతో ఎంగేజ్‌మెంట్‌ను కొలుస్తుంది. నా నుంచి ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసా, ఈ వారం రోజుల్లో ఎవరైనా మెచ్చుకున్నారా, ఆఫీసులో ఆప్తమిత్రులు ఉన్నారా వంటివి అందులో ఉంటాయి. ఆ సంస్థ 2024 నివేదికలో ప్రపంచ సగటు 23 శాతమైతే భారత్‌ది 32 శాతం. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అదే నివేదికలో తమ జీవితం బాగా సాగుతోందన్న భారతీయ ఉద్యోగులు మాత్రం 14 శాతమే. ప్రపంచ సగటు 34 శాతం.

పనిలో మనసుంది, బతుకు మాత్రం బాగాలేదు. ఇదెలా సాధ్యం? ఒక కారణం, ఆ రెండు ప్రశ్నలూ వేర్వేరు సంగతులు అడుగుతాయి. మొదటిది పని గురించి, రెండోది మొత్తం జీవితం గురించి. ఇంకొకటి నా అంచనా: ఇంటి అప్పు, తమ్ముడి చదువు ఒకే జీతం మీద నడిచే చోట పనిని గట్టిగా పట్టుకోవడాన్నీ ఇష్టంగా చేయడాన్నీ అంకె విడదీయలేదు.

బయటి సంస్థ చేసే సర్వే పరిస్థితే ఇదైతే, సొంత కంపెనీ పంపే లింక్ సంగతి చెప్పేదేముంది! పేరు అడగరు, నిజమే. కానీ టీమ్, అనుభవం, లింగం టిక్ పెట్టాక ఆరుగురున్న టీమ్‌లో ఆ ఏకైక మహిళ ఎవరో మేనేజర్‌కు తెలియదా? కనీసం ఇంతమంది జవాబిస్తేనే టీమ్ ఫలితం చూపాలన్న నియమం మంచి సర్వేల్లో ఉంటుంది. అది ఉందో లేదో ఉద్యోగికి చెప్పేవాళ్లు తక్కువ. పైగా స్కోరుకు మేనేజర్ బోనస్ ముడిపెడితే, సర్వే వారంలో టీమ్‌కు బిర్యానీ పార్టీ ఖాయం.

అసలు కొన్ని బాధలు ఫారాల్లోకి రావు. 2024లో పుణెలో ఈవై సంస్థ యువ ఉద్యోగిని మరణించాక, పని భారమే కారణమని ఆమె తల్లి కంపెనీ ఛైర్మన్‌కు లేఖ రాశారు. పైవాళ్లను తప్పుపట్టే స్వభావం తన కూతురిది కాదని కూడా అందులో రాశారు. అలాంటి మనిషి ఐదు మార్కుల ప్రశ్నకు ఎంత వేస్తుంది?

అందుకే జవాబుల పక్కన లెక్కలూ పెట్టి చూడాలి. ఏడాదిలోపే మానేసినవారు ఎందరు, వాడుకోకుండా మురిగిపోయిన సెలవులెన్ని, రాత్రి పది తర్వాత లాగిన్‌లో ఉన్నవారెవరు? వీటికి ఎవరి ధైర్యంతోనూ పనిలేదు. సెబీ నిబంధనల ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఎంత శాతం ఉద్యోగులు మానేశారో, పని పరిస్థితులపై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఏటా వెల్లడించాల్సిందే. ఉద్యోగంలో చేరబోయేవాళ్లు చదవాల్సిన పేజీలవి. కానీ హైదరాబాద్, బెంగళూరుల్లో విదేశీ కంపెనీలు నడిపే గ్లోబల్ సెంటర్లు ఇక్కడి స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాలేదు. ఆ నియమం వాటికి వర్తించదు. అక్కడి ఉద్యోగి గురించి బయటికి తెలిసేది కంపెనీ తానుగా ప్రకటించుకునే సర్వే స్కోరు మాత్రమే.