ఎడెల్గార్డ్ విలనా? ముందు మీరు ఏ తరగతి తీసుకున్నారో చెప్పండి!

ముందే హెచ్చరిక: కథంతా చెప్పేస్తున్నా. ఆడదామనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేసి, ఆట పూర్తయ్యాక రండి.

2019 జూలైలో నింటెండో స్విచ్‌కి వచ్చిన 'ఫైర్ ఎంబ్లెమ్: త్రీ హౌసెస్' గురించి ఎక్కడ మాటొచ్చినా చివరికి తేలేది ఒకటే గొడవ - ఎడెల్గార్డ్ విలనా, కాదా? "ముగ్గురు నాయకులూ ఎవరి కోణంలో వాళ్ళు కరెక్టేలే" అని పెద్దమనిషి తీర్పు చెప్పి తప్పుకునేవాళ్ళూ ఉంటారు. నాకు మాత్రం ఆ తీర్పు మింగుడుపడదు.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫోడ్లాన్ అనే ఖండంలో ఒక సామ్రాజ్యం, ఒక రాజ్యం, ఒక కూటమి. నడిమధ్యలో గరెగ్ మాక్ మఠం, అందులో సైనిక పాఠశాల. మనం అక్కడ పంతులుగారం. ఎడెల్గార్డ్, డిమిత్రి, క్లాడ్ అనే ముగ్గురు వారసుల తరగతుల్లో ఒకటి ఎంచుకోవాలి. అదీ ఆట మొదలైన కాసేపటికే, ఎవరేమిటో సరిగ్గా తెలియకముందే! కథలో అయిదేళ్ళు గడిచేసరికి యుద్ధం. మనతో కూర్చుని టీ తాగిన పక్క తరగతి పిల్లలే ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడతారు.

నేను మొదట డిమిత్రి తరగతి తీసుకున్నా. మర్యాదగా మాట్లాడాడు, అంతకుమించి కారణం లేదు. ఆ దారిలో ఎడెల్గార్డ్ పచ్చి దుర్మార్గురాలు. ముసుగేసుకుని కుట్రలు చేసింది, యుద్ధం మొదలెట్టింది. గ్రాండర్ మైదానంలో మధ్యనున్న గుట్టని మనం పట్టుకోబోతే దానికి నిప్పు పెట్టిస్తుంది - తన తరగతి పిల్ల బెర్నడెట్టా ఆ గుట్ట మీదే ఉన్నా సరే. ఆఖర్న డిమిత్రి చెయ్యి అందిస్తే, చిన్నప్పుడు అతనిచ్చిన బాకునే అతని మీదకి విసిరింది.

రెండోసారి ఆమె తరగతి తీసుకున్నా. 'క్రెస్ట్' అనే వంశపారంపర్య శక్తి ఉంటేనే అక్కడ మర్యాద, పదవి. ఆమెకి రెండో క్రెస్ట్ ఎక్కించడానికి చేసిన ప్రయోగాల్లో తోబుట్టువులు బలైపోయారు. పుట్టుకని బట్టి మనిషికి విలువ కట్టే ఆ పద్ధతినే కూలదోస్తానంటుంది. పవిత్ర సమాధి దగ్గర ఆర్చిబిషప్ రియా "చంపెయ్" అంటే నాకు చెయ్యి రాలేదు. ఆ దారి చివర్లో అదే రియా, శత్రువుని ఆపడానికి జనం ఉన్న నగరాన్నే తగలబెట్టిస్తుంది!

ఇంతకీ ఏం మారింది? రెండుసార్లూ యుద్ధం మొదలెట్టింది ఎడెల్గార్డే. తన మీద ప్రయోగాలు చేసిన ముఠాతో చేతులు కలపడం రెండుసార్లూ ఉంది. మారిందల్లా నేను కూర్చున్న కుర్చీ.

నిజం చెప్పొద్దూ, డిమిత్రిని నేను ఊరికే వదిలేశా. సొంత రాజధాని శత్రువుల చేతిలో ఉంటే అది పట్టించుకోకుండా, పగ కోసం సైన్యాన్ని గ్రాండర్‌కి ఈడ్చుకెళ్ళాడు. అతనికి తగలాల్సిన కత్తికి అడ్డంపడి రోడ్రిగ్ చచ్చిపోయాడు. ఆ పని ఎడెల్గార్డ్ చేసుంటే శాపనార్థాలు పెట్టేవాణ్ణి. డిమిత్రి కాబట్టి "పాపం, ఎంత నలిగిపోయాడో" అనుకున్నా. ముగ్గురిలో క్లాడ్ చేతులు శుభ్రంగా కనిపిస్తాయి గానీ, తను అల్మైరా రాజు కొడుకునన్న సంగతి దాచిపెట్టే తన కోసం ప్రాణాలిచ్చేవాళ్ళని నడిపించాడు.

ఇది మనకేం కొత్త కాదు. 1977లో రామారావు గారు 'దానవీరశూర కర్ణ' తీసి దుర్యోధనుడి పక్కన మనకో కుర్చీ వేశారు. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతమాత్రాన నిండుసభలో జరిగింది న్యాయమైపోలేదు కదా! ఆఫీసులోనూ అంతే. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, ఎవరి మెయిల్ ముందు చదివితే తప్పు రెండోవాళ్ళదే అనిపిస్తుంది.

అందుకే "అందరూ కరెక్టే" అనడం నాకు తప్పించుకోవడంలా అనిపిస్తుంది. ముందు పని చూడాలి, అది ఎవరు చేశారన్నది తర్వాత. అలా చూస్తే ఎడెల్గార్డ్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి ఖరీదు కట్టింది బెర్నడెట్టా లాంటివాళ్ళు, వాళ్ళనెవరూ అడగలేదు. కాబట్టి ఆమె చేసింది తప్పే. అయినా నాకు ఆమె అంటే ఇష్టమే. ఇష్టపడటం వేరు, ఒప్పుకోవడం వేరు - ఈ చిన్న ముక్క తెలుసుకోవడానికి నాకు వంద గంటలు పట్టింది.

ఇంతకీ మీరు మొదట ఎవరి తరగతి తీసుకున్నారు? అది చెప్పండి చాలు, మీ దృష్టిలో విలనెవరో నేను చెప్పేస్తా :)