ఫైల్ మేనేజర్‌లో పక్క ప్యానెల్‌కి వెళ్లడానికి కూడా మౌస్ కావాలా?

మౌస్ పక్కన పెట్టి, టచ్‌ప్యాడ్ ముట్టుకోకుండా ఒక చిన్న పని చేసి చూడండి. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఒక పీడీఎఫ్‌ని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి మార్చాలి. కట్, పేస్ట్ షార్ట్‌కట్లు అందరికీ తెలిసినవే. కానీ ఫైల్ లిస్ట్ నుంచి ఎడమవైపు ప్యానెల్‌కి వెళ్లే దగ్గరే చాలామంది ఆగిపోతారు.

విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దీనికి ఎఫ్6 ఉంది. నొక్కిన ప్రతిసారీ ఫోకస్ విండోలో ఒక్కో భాగానికి మారుతుంది. చిక్కేంటంటే, ప్రస్తుతం ఎక్కడున్నారో చూసుకుంటే తప్ప ఇంకా ఎన్నిసార్లు నొక్కాలో తెలీదు. అదే అడ్రస్ బార్‌కి వెళ్లాలంటే ఆల్ట్+డి ఒక్కసారి నొక్కితే చాలు. లైనక్స్‌లో కేడీఈ వాళ్ల డాల్ఫిన్‌లో ఎఫ్9 నొక్కితే ప్లేసెస్ ప్యానెల్ కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే దాక్కుంటుంది. బానే ఉంది. కానీ ప్యానెల్‌ని చూపించడం వేరు, మనల్ని అందులోకి తీసుకెళ్లడం వేరు.

ఇదేమీ కొత్త కోరిక కాదు. 1986లో వచ్చిన నార్టన్ కమాండర్‌లో రెండు ప్యానెల్స్ పక్కపక్కనే ఉండేవి. ట్యాబ్ నొక్కితే అవతలి ప్యానెల్, ఎఫ్5 నొక్కితే కాపీ. అంతే. టోటల్ కమాండర్, మిడ్‌నైట్ కమాండర్ ఇప్పటికీ అదే పద్ధతిలో నడుస్తున్నాయి.

"ఈ రోజుల్లో కీబోర్డ్‌తో ఫైల్స్ ఎవరు తిప్పుతారు?" అనొచ్చు. చూపు లేనివాళ్లు ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడేది ప్రధానంగా కీబోర్డ్ మీదే. మణికట్టు నొప్పితో మౌస్ పట్టలేనివాళ్లు ఉన్నారు. టచ్‌ప్యాడ్ పాడైన పాత ల్యాప్‌టాప్‌తోనే నెట్టుకొస్తున్న స్టూడెంట్స్ ఉన్నారు. వీళ్లకి ఇది సౌకర్యం కాదు, అవసరం.

డెవలపర్లు చేయాల్సింది నా లెక్కలో మూడే. ఒకటి, ప్రతి ప్యానెల్‌కి నేరుగా వెళ్లే ఒక షార్ట్‌కట్. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+0 సైడ్‌బార్‌కి, కంట్రోల్+1 ఎడిటర్‌కి తీసుకెళ్లినట్టు. రెండు, వెనక్కి వచ్చినప్పుడు ఇంతకుముందు ఉన్న ఫైల్ మీదే ఫోకస్ ఉండాలి, లిస్ట్ మొదటికి పోకూడదు. సెలెక్ట్ చేసిన ఫైల్స్ కూడా అలాగే ఉండాలి. మూడు, ఫోకస్ ఏ ప్యానెల్‌లో ఉందో కంటికి స్పష్టంగా తెలియాలి. వెబ్‌సైట్ల కోసం రాసిన డబ్ల్యూసీఏజీ నియమాలు 2008 నుంచీ ఫోకస్ కనిపించాలనే చెబుతున్నాయి. డెస్క్‌టాప్ యాప్‌లకి మాత్రం ఎందుకు మినహాయింపు?

ఇందులో ఏఐ అక్కర్లేదు, కొత్త చిప్ అక్కర్లేదు. ప్రతి ప్యానెల్ తన చివరి ఫోకస్‌ని గుర్తుపెట్టుకోవాలి, ఒక కీని దానికి కేటాయించాలి. కాకపోతే ఇలాంటి పని లాంచ్ ఈవెంట్ స్లైడ్‌లో గొప్పగా కనిపించదు.

తప్పు కంపెనీలది మాత్రమే కాదు. ల్యాప్‌టాప్ రివ్యూల్లో కీ ట్రావెల్ ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి మరీ రాస్తారు. ఆ కీలతో ఫైల్ మేనేజర్‌లో ఎక్కడిదాకా వెళ్లగలమో కూడా ఒక లైన్ రాయడం మొదలుపెడితే, కంపెనీలు కూడా పట్టించుకోక తప్పదు.