చోళ్లు ముందు ఇంటికి, తర్వాతే సంతకి

పొద్దున్నే చోడి అంబలి తాగి పనిలోకి దిగడం మన ఉద్దానంలో ఒకప్పుడు మామూలు సంగతి. తర్వాత బియ్యం చవకయ్యాయి. చోళ్లు బీదల తిండి అనిపించుకున్నాయి. ఇప్పుడవే చోళ్లు రాగిమాల్ట్ పేరుతో డబ్బాకెక్కి కొట్లోకి వచ్చాయి. కొబ్బరికాయలు అమ్మిన డబ్బుతో ఆ డబ్బా కొనుక్కుంటున్నాం. ఇదేం లెక్క చెప్పండి?

వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములకు మించదు. పీచు కూడా చోళ్లలోనే ఎక్కువ. పిల్లలకూ బాలింతలకూ ఇంతకంటే చవకైన బలం ఏముంది?

వండటం కష్టమేమీ కాదు. రాత్రి పిండిని నీళ్లలో కలిపి పులియబెట్టండి. తెల్లారి నూక ఉడికించి, అందులో ఆ పిండి పోసి కాచండి. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ కలిపితే అంబలి. మునగాకు కలిపితే రొట్టె. బెల్లం, కొబ్బరికోరు వేస్తే కుడుములు. చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకొచ్చాక ఆరబెట్టి, వేయించి ఆడిస్తే మాల్ట్ ఇంట్లోనే తయారు. మొలకెత్తితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఒక్క జాగ్రత్త. కిడ్నీ జబ్బు మన కవిటి చుట్టుపక్కల ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు తెలుసు. అంబలితో అది నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చోళ్లలో భాస్వరం, పొటాషియం ఉంటాయి. జబ్బున్నవారు డాక్టరును అడిగాకే తినాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు, ఒక్క తోటనే నమ్ముకుంటే ఏమవుతుందో చూశాం. తోటలో నీడ పడని చోట, నీరు నిలవని ఎర్రనేలలో పది సెంట్లయినా చోడి వేయండి. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన ‘వేగవతి’ లాంటి రకాలున్నాయి. పంట నాలుగు నెలల్లోపే చేతికొస్తుంది. గింజ పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి నిలవుంటుంది. గడ్డి పశువులకు మేత.

2025-26కి కేంద్రం చోళ్లకు క్వింటాలు 4,886 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. సాధారణ రకం ధాన్యానికి ఇచ్చింది 2,369. అంకె బాగుందని ఎకరాల కొద్దీ వేసేయకండి. కొనేవాళ్లెవరో, ఎక్కడ కొంటారో ముందే కనుక్కోండి. ఈ ఏటికి మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడా వేసుకోండి, చాలు.