మాల్‌లో మొదటిసారి దొంగతనం చేస్తూ దొరికితే జైలేనా? అంతా ఆ సెక్షన్ మీదే!

నక్కలగుట్టలోనో, హనుమకొండ చౌరస్తాలోనో ఉన్న ఒక మాల్ నుంచి మీకు ఫోన్ వచ్చిందనుకోండి. మీ ఇంట్లోవాళ్లు ఒకరు బిల్లు కట్టని వస్తువుతో దొరికారట. ఖరీదు ఎనిమిది వందలో, రెండు వేలో. పోలీసులను పిలుస్తామంటున్నారు, లేదంటే పది రెట్లు కట్టి వెళ్లమంటున్నారు. ఆ కంగారులో కాగితాల మీద సంతకాలు పెట్టేసేవాళ్లే ఎక్కువ. అసలు చట్టం ఏమంటోందో ముందు తెలుసుకోండి.

2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 379 ఇప్పుడు సెక్షన్ 303(2) అయింది. దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో మార్పు లేదు. కొత్తగా ఒక వెసులుబాటు చేర్చారు. వస్తువు విలువ రూ.5 వేల లోపు ఉండి, నిందితుడికి ఇదే తొలి శిక్ష అయి, వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే కోర్టు వేసే శిక్ష సమాజ సేవ. అంటే జీతం లేకుండా నలుగురికీ ఉపయోగపడే పని చేయడం. ఎన్ని గంటలు, ఏ పని అన్నది చట్టం చెప్పలేదు, మేజిస్ట్రేటుకే వదిలేసింది. రెండోసారి నేరం రుజువైతే మాత్రం కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్ల కఠిన కారాగారం, పైగా జరిమానా.

రూ.5 వేల లోపు కేసులో పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే దర్యాప్తూ మొదలుపెట్టలేరు. బెయిల్ మీ హక్కు. రూ.5 వేలు, ఆపైన అయితే బెయిల్ దొరకని నేరమే. అయినా ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టులు కుదరవని అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. సాధారణంగా నోటీసు ఇచ్చి పిలుస్తారు. జనం నోట్లో నలిగిన ‘41ఏ నోటీసు’ ఇదే, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3).

అసలు చిక్కు ఇక్కడుంది. సెక్షన్ 305 కింద ఇంట్లోనో, సరుకు భద్రపరిచే భవనంలోనో చేసిన దొంగతనానికి ఏడేళ్ల వరకు జైలు. పాత 380 ఇదే. దుకాణం కూడా సరుకు ఉంచే భవనమే కదా అని 305 పెడితే, రూ.5 వేల వెసులుబాటు, బెయిల్ హక్కు, యజమానితో రాజీ అన్నీ పోతాయి. 303(2) కేసులో యజమాని ఒప్పుకుంటే రాజీ పడొచ్చు, 305 ఆ జాబితాలో లేదు. ఎనిమిది వందల చొక్కాకు సమాజ సేవా, ఏడేళ్ల సెక్షనా అన్నది ఎఫ్‌ఐఆర్ రాసేవారి కలం మీద ఆధారపడటం ఈ చట్టంలో పెద్ద లోపమే. అందుకే ఎఫ్‌ఐఆర్ కాపీలో ముందు చూడాల్సింది సెక్షన్ నంబరు. 303కు మార్చాలని వాదించే అవకాశం లాయరుకు ఉంటుంది. ఒక ఊరట ఏమిటంటే, వస్తువు విలువ రూ.20 వేలు దాటకపోతే రెండు సెక్షన్లలోనూ సంక్షిప్త విచారణే. అందులో మూడు నెలలకు మించి జైలు వేయరు.

సెక్యూరిటీ వాళ్ల సంగతి? తమ కళ్ల ముందు బెయిల్ దొరకని నేరం జరిగితేనే మామూలు వ్యక్తులు ఎవరినైనా పట్టుకోగలరు, అదీ ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. రూ.5 వేల లోపు 303 కేసుకు ఆ అధికారం వర్తించదు. గదిలో పెట్టి తాళం వేస్తే అది అక్రమ నిర్బంధం, ఏడాది వరకు జైలు పడే నేరం. వస్తువు ధర తీసుకోవడం వేరు, వీడియో వాట్సాప్‌లో పెడతామని బెదిరించి పది రెట్లు గుంజడం వేరు. రెండోది బలవంతపు వసూలు కిందికి వస్తుంది. తప్పు చేసినవాడిపై కూడా అలాంటి నేరం చేయకూడదు. పోలీసు తనిఖీ అయినా సరే, మహిళను మహిళే తనిఖీ చేయాలి.

దొరికింది 18 ఏళ్ల లోపు పిల్లలైతే విషయం జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. లాకప్, సంకెళ్లు ఉండకూడదు. ఇలాంటి చిన్న నేరానికి ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు, స్టేషన్ డైరీలో రాసి బోర్డుకు నివేదిక పంపుతారు.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. సమాజ సేవతో వదిలేసినా అది శిక్షే, నేరం రుజువైనట్టే. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేయమని కోర్టును అడగొచ్చు. ఆ చట్టంలో పాత 379తో పాటు 380 పేరు కూడా ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల అనర్హత అంటదు. పోలీసు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టే కుర్రాళ్లకు ఇది ముఖ్యం. కేసు దాచిపెట్టడం కేసు కంటే ప్రమాదం. అవతార్ సింగ్ తీర్పులో (2016) సుప్రీంకోర్టు చిన్న వయసులో చేసిన స్వల్ప నేరాన్ని ఉద్యోగమిచ్చేవారు క్షమించవచ్చంది కానీ, వివరాలు నిజాయతీగా రాయాలనీ చెప్పింది.

అమెరికా వెళ్లే పిల్లలున్న ఇళ్లకు ఇంకో మాట. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినులు సూపర్ మార్కెట్లో దొరికినప్పుడు రెట్టింపు డబ్బు కడతామన్నా వదల్లేదు, అరెస్టు చేశారు. ఆ రాష్ట్రంలో తొలి నేరానికి కూడా కనీసం పది రోజుల సమాజ సేవ తప్పదు. దొంగతనం చేస్తే వీసా రద్దు కావొచ్చని, మళ్లీ రాకపోవచ్చని 2025 జులైలో అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే హనుమకొండ కోర్టుల సముదాయంలోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.