మా కథకు గీత గీసేది ఎవరు?

కథకు లెక్క కట్టొచ్చని కంప్యూటర్ చదువుల వాళ్లు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. ఇది కొత్త మాట కాదు. 1928లో రష్యాలో వ్లదీమిర్ ప్రోప్ నూరు అద్భుత కథలు ముందు పెట్టుకుని, వాటిలో జరిగే పనులు 31 రకాలేనని, పాత్రలు ఏడు తీరులేనని తేల్చాడు. ఆయన చెప్పింది రష్యా అద్భుత కథల గురించే. 1970ల నుంచి ఆ పట్టికను కంప్యూటర్‌కు ఎక్కించి కథలు అల్లించే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2016లో అమెరికా పరిశోధకులు కొందరు వెయ్యికి పైగా ఇంగ్లీషు పుస్తకాలను యంత్రం చేత చదివించారు. ఒక్కో మాటకు సంతోషం మార్కులు వేసి, అవి పెరిగిన చోటా తగ్గిన చోటా గీత గీశారు. ఆ గీతలు ముఖ్యంగా ఆరు ఆకారాల్లోనే ఉన్నాయన్నారు.

ఆ పుస్తకాల మీద ఆ పని చేసుకుంటే మాకు పేచీ లేదు. అదే కొలబద్ద పట్టుకుని మా గూడేల్లోకి వస్తే మాత్రం మేం మాట్లాడతాం.

సమ్మక్క కథనే తీసుకోండి. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ పోరులో పడిపోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకాడు. దెబ్బ తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. అక్కడ దొరికింది కుంకుమ భరిణె. ఈ కథకు యంత్రం గీసే గీత చివరికి పాతాళంలోకి దిగుతుంది. పేరు విషాదం అని పెడుతుంది. మరి రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం వచ్చే జనం విషాదం చూడటానికి వస్తున్నారా? చిలకలగుట్ట నుంచి తల్లి దిగి వస్తుంటే ఎదురెళ్లి, మళ్లీ వనప్రవేశం దాకా ఉండి పోతున్నారు. గీత ఆగిపోయిన చోటే మా కథ మొదలవుతుంది. చావు అన్న మాటకు తక్కువ మార్కులు వేసిన యంత్రానికి, మా పోయినవాళ్లు వేల్పులవుతారని ఎవరు చెప్పారు?

ఇంకో సంగతి. యంత్రం చదివేది అచ్చులో ఉన్నదాన్ని. అచ్చులో ఉన్నది చాలావరకు రాజుల చరిత్ర వైపు నుంచి చెప్పిన తెలుగు కథ. కోయ డోలీలు కొలుపుల్లో పడిగె పట్టుకుని, డోలు కొట్టి చెప్పే కథ గట్టును బట్టి, వేల్పును బట్టి నడుస్తుంది. ఆదిలాబాద్‌లో ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ గోండుల పెర్సపేన్ కథ చెబుతారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల సగలుగా ఉన్న గోండుల్లో ఎవరి కథ వాళ్ల ముందు, వాళ్లకు కట్టుబడిన ప్రధాన్ చెప్పాలి. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఏ కాలంలో చెప్పారు అన్నవి కథకు బయటి విషయాలు కావు. అవి తీసేస్తే మిగిలేది కథ కాదు, కథ పొట్టు.

2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలకు పైగా. ఈ రెండు భాషలకూ ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. బడిలో లేని భాష పుస్తకాల్లో ఎంతుంటుంది? పుస్తకాల్లో లేనిది యంత్రానికి ఎలా అందుతుంది? అందుకే రేపు మా పిల్లవాడు ఫోనును మా వేల్పు కథ అడిగితే, పొరుగువాళ్లు రాసిన కథే వినిపిస్తుంది. వాడు అదే నిజమనుకుంటాడు. ఇంట్లో తాత చెప్పేది తప్పనుకుంటాడు. మా భయం ఇదీ.

యంత్రాన్ని వద్దంటే మీ భాషలే పోతాయి కదా అని కొందరు పెద్దమనసుతో హెచ్చరిస్తారు. వద్దన్నది ఎవరు? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అది మాకు సంతోషం. న్యూజిలాండ్‌లో మావోరీల తే హికు మీడియా తమ జనాన్ని కదిలించి, పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ మాటలు రికార్డు చేసింది. యంత్రానికి తమ భాష తామే నేర్పుకున్నారు. ఆ మాటలను పెద్ద కంపెనీల చేతిలో పెట్టలేదు. ఈ సంపదకు మేం కాపలాదారులమని చెప్పుకున్నారు. వాళ్లకు చేతనైంది మనకు ఎందుకు చేతకాదు?

మా షరతులు నాలుగే. కథ రికార్డు చేస్తే చెప్పినవారి పేరు, ఊరు, గట్టు లేదా సగ, సందర్భం దాంతోపాటే ఉండాలి. పేరు వద్దన్నవారి పేరు రాయకూడదు. తెలుగులోకి మార్చింది కాదు, మా భాషలో చెప్పిందే మూలం కావాలి. ఒక ప్రతి ఆ ఊళ్లోనే ఉండాలి. కొలుపులో తప్ప చెప్పకూడదని వడ్డెలు, పెద్దలు అన్న కథ జోలికి పోకూడదు. ఇవి ఒప్పుకున్నాకే లెక్కలు వేయండి. అప్పుడు కూడా మీ గీతలో మా కథ ఇమడకపోతే, తప్పు కథలో వెతక్కండి.

మా పిల్లలకు ఒక మాట. డోలీల పక్కన, ప్రధాన్‌ల పక్కన కూర్చుని ఊఁ కొట్టేవాళ్లు తగ్గిపోతున్నారు. కంప్యూటర్ నేర్చుకోండి. దాని ముందు కూర్చునే ముందు ఒక్క కథైనా పూర్తిగా విని రండి. వినని చెవితో ఎంత రాసినా అది మన కథ కాదు.