తాతముత్తాతల జాడ

పిల్లలూ, మీకు ఇంటిపేరు ఎలా వచ్చింది? నాన్న నుంచి. ఆయనకు వాళ్ళ నాన్న నుంచి. ఇంటిపేరులాగా తండ్రి నుంచి వచ్చే వస్తువు మగవారి శరీరంలో కూడా ఒకటి ఉన్నది.

మన శరీరంలోని ఒక్కొక్క కణంలో సాధారణంగా 46 క్రోమోజోములుంటాయి. వాటిలో వై అనేది తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వస్తుంది. తాళపత్ర గ్రంథానికి నకలు రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారిపోతుంది గదా! ఆ నకలు చూసి రాసిన ప్రతులన్నిటిలోనూ అదే మార్పు ఉంటుంది. వై క్రోమోజోములోనూ అప్పుడప్పుడు ఇలాంటి మార్పు జరిగి, కొడుకులకూ, వారి కొడుకులకూ దిగుతుంది. అలాంటి ఒకే మార్పు గలవారంతా ఏనాటివాడో ఒక మూలపురుషుడి సంతతి అన్నమాట. ఈ మార్పులను బట్టి శాస్త్రజ్ఞులు మగవారిని సమూహాలుగా విభజించి, వాటికి ఇంగ్లీషు అక్షరాలు పేర్లుగా పెట్టారు.

దీనివల్ల ఏం తెలుస్తుంది? దక్షిణాఫ్రికాలోనూ, జింబాబ్వేలోనూ లెంబా అనే తెగవారున్నారు. వారు మాట్లాడేది ఇరుగుపొరుగువారి భాషే. కాని పందిమాంసం ముట్టరు. తమ పూర్వులు ఉత్తరాన సేనా అనే చోటి నుంచి సముద్రం దాటి వచ్చారని వారి పెద్దలు చెబుతూ ఉండేవారు. ఆ మాట నమ్మనివారు చాలామంది.

1996లో శాస్త్రజ్ఞులు లెంబా పురుషుల వై క్రోమోజోములను పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. వాటిలో సుమారు సగం పశ్చిమాసియా వైపువి! సేనా ఏ ఊరో వై చెప్పలేదు గాని, పూర్వులు వచ్చిన దిక్కు చెప్పింది. ఇక తల్లి నుంచి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియాను పరీక్షిస్తే, అది ఆఫ్రికాదే అని తేలింది. అంటే, బయటి నుంచి వచ్చిన మగవారు అక్కడి స్త్రీలను పెళ్ళాడి స్థిరపడ్డారని అనుకోవచ్చు.

అయితే ఒక లెక్క చూడండి. మనకు తల్లిదండ్రులు ఇద్దరు. వారి తల్లిదండ్రులు నలుగురు. ఆ పైతరం 8 మంది. ఇలా పది తరాలు వెనక్కు పోతే 1,024 మంది అవుతారు. మేనరికాలవల్ల కొందరు రెండుసార్లు లెక్కకు వచ్చినా చాలామందే! వై చెప్పేది వారిలో ఒక్కరి సంగతి. ఆడపిల్లకు వై ఉండదు కనుక ఆ ఒక్కరి సంగతీ ఆమె తండ్రినో, అన్నదమ్ములనో పరీక్షించి తెలుసుకోవాలి. కనుక ఒక్క వై చూసుకుని వంశం గొప్ప చెప్పుకోవటం అవివేకం.

మిగిలినవారి సంగతులు మీ అమ్మమ్మనూ, తాతయ్యనూ అడగండి. చెప్పినవి రాసి ఉంచండి. వై తనంతట తానే తరువాతి తరానికి పోతుంది. పెద్దల మాట మాత్రం వినేవాళ్ళుంటేనే పోతుంది.